పన్నెండో మనిషి

నీళ్ళు గుమ్మంలోంచి రాలేదు,
పొయ్యిలోంచి వచ్చాయి.
బూడిద తీద్దామని అమ్మ చెయ్యి పెడితే
తడి తగిలింది.
అప్పటికి ఏటిగట్టు మీద దండోరా అయిపోయి రెండు గంటలు.
దవళేశ్వరంలో మూడో హెచ్చరిక ఇచ్చేశారని
యోహాను మాస్టారు బడిగంట
ఆపకుండా కొడుతూనే ఉన్నారు.
మా లంకలో ఎవరూ కదల్లేదు.
గోదారి ఏటా వస్తుంది, అరుగు కడుగుతుంది, పోతుంది.
చుట్టం కదా.

ఎనభై ఆరు ఆగస్టు. నాకు తొమ్మిదేళ్ళు.
ముడి విప్పే వ్యవధి లేక
నాన్న కొడవలితో గేదెల పలుపులు కోశాడు.
చూడిగేదె మాత్రం వెళ్ళలేదు.
చూరు దాకా ఈదుకుంటూ వచ్చి
మా కాళ్ళకేసి చూసింది.
తర్వాత చూడ్డం మానేసింది.

రాత్రంతా పెంకుల మీదే.
చీకట్లో నది ఏం మోసుకుపోతోందో
చప్పుడును బట్టి తాత చెప్పేవాడు:
అది దుంగ. అది తలుపు. అది వంతెన చెక్క.
ఒక్క చప్పుడుకి మాత్రం ఏమీ చెప్పలేదు.

తెల్లారాక మల్లాడి గరగయ్య వచ్చాడు.
వేటపడవ, పులసల వల ఇంకా అందులోనే ఉంది.
"పదకొండు మందండి. పన్నెండైతే అందరం పోతాం."
నాన్న నన్ను అందివ్వబోతే
లెక్క అక్కడ ఆగింది.
తాను దిగబోయాడు.
మంత్రసాని కాసులమ్మ చెయ్యి పట్టి కూలేసింది,
"తెడ్డు పట్టడం వచ్చినోడివి, నువ్వు కూకో."

ఆ పడవలో సగం మందిని
ఈ లోకంలోకి లాగిన చేతులవి. నన్ను కూడా.
లేచింది. పడవ ఊగింది.
"ఈ పిల్లెంత, నా కాలంత లేదు" అని
మా పెంకుల మీదకి ఎక్కి కూచుంది.
నడుముకున్న వక్కల తిత్తి తడుముకుని
"గరగా, వచ్చేటప్పుడు కూసింత సున్నం తే" అంది.
అదొక్కటే అడిగింది.

గట్టు మీద మమ్మల్ని దింపి
గరగయ్య నిజంగానే సున్నం కోసం తిరిగాడు.
శిబిరంలో పులిహోర పొట్లాలున్నాయి, దుప్పట్లున్నాయి,
సున్నం లేదు.
ఎవరో ముసలాయన తన సున్నపుకాయ గోకి ఇచ్చాడు.
అరిటాకు ముక్కలో మడిచి తలపాగాలో దోపుకుని
తిరిగి వెళ్ళేసరికి
ఇల్లున్న చోట సుడి తిరుగుతోంది.

నాలుగు రోజులు ఆ తలపాగా అతను విప్పలేదు.

అయిదో రోజు యానాం వైపు నుంచి కబురు:
ఎవరో ముసల్ది, గడ్డిమేటు మీద,
ఒక మేకతో, రెండు తాచులతో,
మొగ దాకా పోయి ఒడ్డుకు తగులుకుందట.
పాములేం చెయ్యలేదా అంటే
"ఆటికీ పేణమే కదా" అందట.
గరగయ్యని చూడగానే చెయ్యి చాపింది.
"సున్నం?"
ఆకు విప్పితే అది రాయైపోయింది.
అంత మనిషి గుక్కపట్టి ఏడ్చాడంటారు.
నేను చూడలేదు.

నేను చూసింది ఆ తర్వాతది.
అరటితోట మీద నిలువెత్తు ఇసుక మేట.
బావి ఎక్కడుందో గడ్డపలుగులతో వెతకడం.
గేదెలెన్ని, పెంకులెన్ని అని రాసుకున్న గుమస్తా
గట్టు మీద జ్వరంతో పోయిన తాతని
వరద పద్దులో రాదన్నాడు.

చేను, ఎకరం ఇరవై సెంట్లు,
ఆ ఏడు సగం, తర్వాత ఏటా కాస్త కాస్త,
కోతలో పోయింది.
పాసుపుస్తకంలో ఉంది.
రేవు దాటేటప్పుడు నడిమధ్యలో
నాన్న చెప్పులు విప్పేవాడు.
కొత్తవాళ్ళు ఎందుకని అడిగితే
"చేలో చెప్పులేంటండీ" అనేవాడు.

ఇప్పుడు గరగయ్య కొడుకుది ఇంజను పడవ.
ముప్పై మంది పడతారు.
అయినా కట్టు విప్పే ముందు
వేలితో లెక్కపెడుతూ పదకొండు దగ్గర ఆగి
ఒడ్డుకేసి చూస్తాడు.
ఎందుకో అతనికి తెలీదు,
వాళ్ళ నాన్న అలాగే చేసేవాడట.

నేనెప్పుడూ ఆఖర్న ఎక్కుతాను.